గ్లెనిస్ ఆగని మలుపు

వెనక వస్తున్న కారులో జానిస్ కూడా ఉందని తెలిసీ గ్లెనిస్ ఆ మలుపు దగ్గర ఎందుకు ఆగలేదు? ఇప్పటికీ నా దగ్గర దీనికి జవాబు లేదు. బ్రెంటన్ ఒక్కడే ఉండుంటే అడగాల్సిన పనే లేదు. ఆ మనిషిని ఎండలో వదిలేసి పోవడానికి ఆమెకు కారణం ఉంది. ఆ కారణాన్ని ఏళ్ల తరబడి షెడ్డులో పెట్టుకుని సానపట్టింది కూడా. కానీ జానిస్ ఏం చేసింది?

గ్లెనిస్ ష్రోడర్ క్వోర్న్ అనే చిన్న ఊళ్లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పెళ్లాడిన మనిషి. బడి క్యాంటీన్‌లో పిల్లలకు మాంసం కూరిన పైలు వేడిచేసి అందించేది. భర్త లయల్ రైలు పట్టాలు తనిఖీ చేసే ఉద్యోగి. మాట తక్కువ, పని నిదానం. ఒక బోల్టు బిగించాక రెండోసారి చూడనిదే ముందుకు కదలని స్వభావం. పిల్లలు లేరు. ఇద్దరికీ ఉన్న సరదా ఒక్కటే. చలికాలం రాగానే బండి కట్టుకుని ఉత్తరానికి, ఎర్రమట్టి దారుల్లోకి పోవడం. బండి వెనక లయల్ తన చేత్తో చేసిన ట్రైలర్ ఉండేది. ఇనుప పెట్టె, దానిమీద మడతపెట్టిన కాన్వాసు గుడారం, పక్కన ఒక పొయ్యి. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. లయల్‌కి అందంతో పనిలేదు.

ఆ దారుల్లో బండ్లు గుంపుగానే పోతాయి. అయినా దుమ్ము వల్ల ఒకదాని వెనక ఒకటి చాలా ఎడంగా నడుస్తాయి. ముందు బండి కనపడదు, అది లేపిన దుమ్ము కనపడుతుంది, ఒక్కోసారి అదీ కనపడదు. చేతి రేడియోలు ఇసుక దిబ్బలు అడ్డొస్తే మూగబోతాయి. అందుకని అక్కడి జనానికి ఒక కట్టుబాటు ఉంది. నీ వెనక బండి నీ పూచీ. మలుపు వచ్చిందంటే అక్కడ ఆగాలి. వెనకవాడు వచ్చి, నిన్ను చూసి, దీపాలు వెలిగించి ఆర్పేదాకా చక్రం కదలకూడదు. అప్పుడు వాడు తన వెనకవాడి కోసం ఆగుతాడు. అలా చివరిదాకా. చివరి బండి వాడి ప్రాణం వాడి చేతిలో ఉండదు, ముందువాడి అద్దంలో ఉంటుంది. కన్నతల్లితో మాట్లాడని వాళ్లు కూడా అక్కడ ఈ మాట తప్పరు.

బ్రెంటన్ తప్పాడు.

ఆ ఏడాది, ఈ దారుల్లో కలిసి తిరిగే క్లబ్బు వాళ్లంతా మురలానా అనే గొర్రెల పొలం మీదుగా పోతున్నారు. పొలం అంటే మన పొలం కాదు, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి పోవడానికి పూట పడుతుంది. వరసలో చివరి బండి లయల్‌ది. దాని ముందు బ్రెంటన్. దగ్గరి పట్నం పోర్ట్ అగస్టాలో పరుపుల దుకాణం అతనిది, పదిమంది చేరితే నవ్వించకుండా ఉండలేని మనిషి. పాత కంచె దగ్గర దారి ఎడమకు చీలుతుంది. నలిగిన జాడ మాత్రం నేరుగా పోతుంది. బ్రెంటన్ ఎడమకు తిరిగాడు, ఆగలేదు. ముందుగా పోయి విడిదిలో నీడున్న చోటు పట్టుకోవాలని. లయల్ వచ్చేసరికి అక్కడ మనిషీ లేడు, దుమ్మూ లేదు. మనిషి ఆగి లేడంటే అది మలుపు కాదని అర్థం. నేరుగా పోయాడు.

ఆ జాడ ఉప్పు సరస్సులోకి పోతుంది. పైన తెల్లని పెచ్చు, కింద నల్లని బురద. పెచ్చు పగిలింది. ట్రైలర్ ఇరుసు దాకా దిగింది. లయల్ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పార పట్టుకుని తవ్వుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి గుండెమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గ్లెనిస్ వద్దంటున్నా వినలేదు. మర్నాడు పొద్దెక్కాక గానీ ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు లాగారు, తెచ్చారు, ఆస్పత్రిలో చేర్చారు. లయల్ ఆ తర్వాత పార పట్టలేదు. మరుసటి చలికాలం దాటలేదు.

అంతవరకైతే గ్లెనిస్ ఏదోలా మింగేదేమో. మింగుడుపడనిది ఇంకొకటి. ఆ రాత్రి లయల్ ఏమయ్యాడని అందరూ అడిగినప్పుడు బ్రెంటన్, మలుపు దగ్గర ఆగాననీ, వెనకే వస్తున్నాడనుకున్నాననీ చెప్పాడు. తర్వాత దాన్ని కథగా అల్లాడు. లయల్ దగ్గరదారి కనిపెట్టాడట, ఉప్పు కొనే ఖర్చు తప్పుతుందని సరస్సులోకే బండి తోలాడట. నెగడు చుట్టూ కూర్చున్న ప్రతిసారీ అది చెప్పేవాడు, ప్రతిసారీ జనం నవ్వేవారు. లయల్ ఎదురుగా ఉన్నప్పుడు కూడా చెప్పాడు. లయల్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. చివరి నెలల్లో, మంచంలో దిండుకు ఆనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒక సాయంత్రం భార్యని అడిగాడు.

"గ్లెన్, వాడు నిజంగానే ఆగుంటాడా? నేనే చూసుకోలేదంటావా?"

పట్టాల మీద వెంట్రుకంత బీటని కూడా వదలని మనిషి. తన కళ్లని తనే అనుమానిస్తూ పోయాడు. గ్లెనిస్ బ్రెంటన్‌ని క్షమించకపోవడానికి కారణం సరస్సు కాదు, ఈ ప్రశ్న.

అంత్యక్రియల తర్వాత టీలు తాగుతుంటే బ్రెంటన్ షెడ్డు వైపు చూసి అన్నాడు, "ఆ ఇనుప సామానుతో ఇంక నీకేం పని తల్లీ? నాకిచ్చెయ్యి, కట్టెలు మోసుకోడానికి పనికొస్తుంది." అతని భార్య జానిస్ అప్పుడు వంటింట్లో ఉంది. ఎవరూ చెప్పకుండానే కప్పులన్నీ కడిగి, తుడిచి, ఏ కప్పు ఏ అరలోదో వెతికి మరీ సర్దుతోంది. ఆమె తెచ్చిన క్రీము కేకు బల్లమీద ఉంది. గ్లెనిస్ దాన్ని ముట్టలేదు.

ట్రైలర్ ఇవ్వలేదు. పోర్ట్ అగస్టాలో సాయంత్రం తరగతులకి పోయి వెల్డింగ్ నేర్చుకుంది. తరగతిలో మిగతావాళ్లు ఆమెకు మనవల ఈడు. మొదట్లో ఆమె వేసిన అతుకులు పక్షి రెట్టల్లా ఉన్నాయని పగలబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది, మళ్లీ వేసింది. పాత ఇరుసుని అడ్డంగా కోసి తీసేసింది. ఒక చక్రం గోతిలో పడితే రెండోది కూడా వంగే ఆ పద్ధతి వద్దని, ఏ చక్రానికా చక్రం విడిగా ఎగిరిపడేలా ఇనుప చేతులు, చుట్టల స్ప్రింగులు పెట్టింది. బండికీ ట్రైలర్‌కీ మధ్య గుండు కొక్కెం తీసేసి అన్నివైపులా తిరిగే కొక్కెం వేసింది. బండి చక్రాలే ట్రైలర్‌కీ సరిపోయేలా, చక్రాలు బిగించే హబ్బులు మార్చింది, అప్పుడు స్పేరు చక్రం ఏదైనా దేనికైనా పనికొస్తుంది. నీళ్ల టాంకీని అడుగున బిగించి దానికింద ఉక్కు రేకు పరిచింది. కొళాయి మాత్రం పైకి, పెట్టె పక్కన, నిలబడి తిప్పుకునే ఎత్తులో పెట్టింది.

ముసుగు వేసుకుని నిప్పురవ్వల ముందు కూర్చున్నప్పుడు ఆమె కళ్లముందు ఎప్పుడూ ఒకటే బొమ్మ. బ్రెంటన్ చేతిలో పార, మోకాళ్ల దాకా నల్ల బురద, నవ్వడానికి చుట్టూ ఎవరూ లేరు. ఒక్కో అతుకూ ఆ బొమ్మ చూసుకుంటూనే వేసింది. బాగా వచ్చేవి.

మొదటి పరీక్ష ప్రయాణంలో ఒక బోల్టు తెగింది, గుడ్లన్నీ పగిలాయి, సందుల్లోంచి దూరిన దుమ్ము పిండిలో కలిసి రొట్టె ఎర్రగా కాలింది. తిరిగొచ్చి తలుపులకి రబ్బరు అంచులు మార్చింది. మళ్లీ పోయింది. ఒంటరిగా, ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒక పొద్దున రాళ్ల మైదానంలో గుడారం బయట కూర్చుని టీ తాగుతోంది. కంగారూలు రెండు దూరంగా చెవులు రిక్కించి చూస్తున్నాయి. గాలి లేదు. కప్పు ఖాళీ అయ్యాక గానీ ఆమెకు గుర్తురాలేదు, ఇంతసేపూ బ్రెంటన్ తలపులోకే రాలేదని. తనమీద తనకే కోపం వచ్చింది. ఆ రోజే సామాను సర్దుకుని ఇంటికొచ్చేసింది.

క్లబ్బు మళ్లీ మురలానా వెళ్తోందని తెలిసినప్పుడు గ్లెనిస్ చందా కట్టి తిరిగి చేరింది. అప్పటికి బ్రెంటన్ క్లబ్బు అధ్యక్షుడు. బయలుదేరే చోట, హాకర్ ఊరి బయట, జనం ఆమె ట్రైలర్ చుట్టూ మూగారు. కిందికి దూరి చూసినవాళ్లు లేచి మోకాళ్లు దులుపుకుంటూ మంచి పనేనన్నారు. బ్రెంటన్ కొత్త ట్రైలర్ పక్కనే ఉంది. ఫ్యాక్టరీలో చేసింది, ఫ్రిజ్జు, వేడినీళ్ల స్నానం, రెండు ఇరుసులు, ఏనుగంత బరువు.

"కట్టెలు మోసుకోడానికి ఇమ్మంటే ఇవ్వలేదు, చూశారా," అన్నాడు బ్రెంటన్ అందరికీ వినపడేలా. "ఇప్పుడు దీన్ని చూస్తుంటే కట్టెలకి కూడా మంచి రోజులొచ్చాయనిపిస్తోంది. ఏం గ్లెన్, ఈసారి ఉప్పు ఎంత తెస్తావ్?"

"నీకు కావాల్సినంత," అంది గ్లెనిస్.

నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

వరస ఏర్పాటు చేసింది మారిస్, ముందు బండి నడిపే పెద్దాయన. అధ్యక్షుడు కాబట్టి వెనకబడినవాళ్లని ఏరుకుంటూ చివర వస్తానన్నాడు బ్రెంటన్. గ్లెనిస్ తాను బ్రెంటన్ ముందు ఉంటానంది. మారిస్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆనాడు సరస్సు నుంచి లయల్‌ని లాగినవాళ్లలో అతనూ ఒకడు. సరేనన్నాడు.

అంతా ఆమె అనుకున్నట్టే కుదిరింది. అప్పుడు బ్రెంటన్ కారు రెండో తలుపు తెరుచుకుని జానిస్ దిగింది. దుమ్మంటే పడని మనిషి, ఎన్నడూ రాని మనిషి.

"నువ్వొస్తున్నావని తెలిసి బయల్దేరాను గ్లెన్," అంది. "ఈయన జోకులు వినలేక ఎప్పుడూ రాను. నువ్వుంటే సాయంత్రాలు మాట్లాడుకోవచ్చు కదా అని. నీకోసం కేకు కూడా తెచ్చా, డబ్బాలో ఉంది."

గ్లెనిస్ మంచిదేనంది. ఇసుకలో నడవడానికి చక్రాల గాలి తగ్గించాలని వంగింది. గాలి బుస్సుమని పోతున్నంతసేపూ, కొలత చూడాల్సిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చక్రంలో గాలి మరీ తగ్గిపోయి మళ్లీ పంపు కొట్టుకోవాల్సి వచ్చింది.

పాత కంచె ఇప్పుడు లేదు. వరదకి కొట్టుకుపోయింది, పొలం వాళ్లు మలుపుని కాస్త ముందుకి జరిపారు. సరస్సులోకి నేరుగా పోయే జాడ మాత్రం అలాగే ఉంది. అయినా గ్లెనిస్‌కి అక్కడి ప్రతి పొదా తెలుసు. బ్రెంటన్‌కి ఏదీ గుర్తుండదని కూడా తెలుసు. గుర్తుంచుకోవాల్సిన అవసరం అతనికి ఎప్పుడు కలిగింది గనక?

ఆమె ముందు బండి మలుపులో ఆగి ఉంది. ఈమె దీపాలు వెలిగించి ఆర్పింది. వాళ్లు చెయ్యి ఊపి ఎడమకు పోయారు. గ్లెనిస్ మలుపులోకి తిప్పి బండి ఆపింది. ఇంజిను ఆపలేదు. అద్దంలో, దూరంగా దిబ్బ వెనక, దుమ్ము లేస్తోంది. ఇంకాసేపుంటే కారు కనపడుతుంది, వాళ్లిద్దరి తలలూ కనపడతాయి. రేడియో చేతిలో ఉంది. ఎడమకు అని ఒక్క మాట అంటే చాలు. ఆమె రేడియోని సీటు మీద పెట్టింది. గేరు వేసి పోయింది.

మధ్యాహ్నం గాలిమరతో నీళ్లు తోడే తొట్టి దగ్గర అందరూ ఆగి, ఉప్పుమాంసం, రొట్టె తిన్నారు. చివరి బండి ఏదని మారిస్ అడిగాడు.

"వెనకే వస్తున్నాడనుకున్నాను," అంది గ్లెనిస్.

అక్షరం పొల్లుపోకుండా ఆనాడు బ్రెంటన్ అన్న మాటే. ఆ మాట తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు రొట్టె నమలడం ఆపారు. రాత్రంతా వదిలేయాలన్నదే ఆమె లెక్క. లయల్ పడ్డ రాత్రి లాంటిదే ఒక రాత్రి. ఎవరైనా వెతకడానికి పోతే పోనీ, తాను మాత్రం కదలకూడదు. ఇంతలో దిబ్బ మీద నిలబడ్డవాళ్ల రేడియోలో బ్రెంటన్ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. సరస్సు, ట్రైలర్, నీళ్లు అనే మాటలే తెలిశాయి. మారిస్ బండి తాళాలు తీసుకున్నాడు. నీళ్లు అన్న మాట విని గ్లెనిస్ లేచి, వెనక బండి తన పూచీ అనీ తానే వెళ్తాననీ చెప్పింది. కట్టుబాటు అది, ఎవరూ కాదనలేరు. మారిస్ మాత్రం ఆమె తలుపు వేసుకునేముందు కిటికీలోకి వంగి మెల్లగా అన్నాడు.

"వెళ్లి తీసుకురా. తీసుకురావాలి, తెలిసిందా?"

ఆమె తలుపు వేసుకుని బండి తిప్పింది.

బ్రెంటన్ కొత్త ట్రైలర్ రెండు ఇరుసులూ దిగి, పొట్ట ఉప్పుకి ఆని కూర్చుంది. కారు వెనక చక్రాలు కూడా కూరుకుపోయాయి. నీళ్ల టాంకీ కొళాయి ట్రైలర్ అడుగున ఉంది, అది ఇప్పుడు బురదలో ఉంది. బ్రెంటన్ పారతో తవ్వుతున్నాడు. ముఖం ఇటుకలా ఎర్రబడింది. జానిస్ కారు నీడలో ఉప్పు మీదే కూర్చుని ఉంది.

గ్లెనిస్ గట్టినేల దాటి అడుగు ముందుకెయ్యలేదు. ట్రైలర్ పక్కన పందిరి గుడ్డ దింపింది, రెండు కుర్చీలు వేసింది, పొయ్యి వెలిగించింది. జానిస్‌ని పిలిచి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది, తర్వాత టీ ఇచ్చింది. జానిస్ రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగింది. బ్రెంటన్ వచ్చి నిలబడితే అతనికీ నీళ్లిచ్చింది, లయల్ చేసిన పెట్టె కొళాయి నుంచి. అతను చావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"లాగే పట్టీ ఏది? తొందరగా తగిలించు," అన్నాడు బ్రెంటన్.

"తగిలిస్తాను. ఆ రోజు మలుపు దగ్గర ఆగావా?"

"ఇప్పుడా గొడవ? ఎన్నేళ్ల నాటిదది?"

"పార అక్కడుంది," అంది గ్లెనిస్. తనకూ టీ పోసుకుని కూర్చుంది.

బ్రెంటన్ తిట్టాడు. ముసల్దానికి పిచ్చెక్కిందన్నాడు. వెళ్లి తవ్వాడు. తవ్వినచోట మళ్లీ నల్లనీరు ఊరుతోంది. ఆమె చూస్తూ కూర్చుంది. ఏళ్లుగా నిప్పురవ్వల వెనక చూసుకున్న బొమ్మ ఇదే, పారతో సహా, బురదతో సహా. ఒక్కటే తేడా. పక్క కుర్చీలో ఒకామె ఉంది. చాలాసేపటికి జానిస్ కప్పు కింద పెట్టి, భర్తకు వినపడేలా, అరవకుండానే అంది.

"చెప్పెయ్ బ్రెంటన్. నేనక్కడ లేను గానీ, ఆ ఏడాది ఇంటికొచ్చి నువ్వు నాకు చెప్పింది నాకు గుర్తుంది."

అతను పార మీద వాలి నిలబడ్డాడు. తర్వాత ఉప్పు మీద చెప్పులు లాక్కుంటూ వచ్చాడు.

"ఆగలేదు," అన్నాడు. "చాలా?"

"నాకు కాదు." గ్లెనిస్ తన బండిలోని పెద్ద రేడియో చూపించింది. "వాళ్లకి చెప్పు. నవ్వినవాళ్లకి."

బ్రెంటన్ మైకు పట్టుకున్నాడు. జోకులు చెప్పే గొంతు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. "లయల్ ష్రోడర్ దారి తప్పలేదు. నేను మలుపు దగ్గర ఆగలేదు. ఆగానని అబద్ధం చెప్పాను," అన్నాడు. అవతల గరగర. ఆ తర్వాత మారిస్ గొంతు, విన్నామని.

గ్లెనిస్‌కి ఏదో పెద్దది జరుగుతుందనిపించింది. ఏమీ జరగలేదు. ఈగలు ముసురుతున్నాయి. లేచి పట్టీలు తీసింది, ఒకదానికొకటి ముడేసింది. ముందు కారుని, తర్వాత ట్రైలర్‌ని, అంగుళం అంగుళం లాగింది. పని అయ్యాక బ్రెంటన్ ఆయాసపడుతూ అడిగాడు.

"ఇవాళ నువ్వు? నన్ను చూశావా లేదా?"

జానిస్ ఆమె వైపు తిరిగింది. గ్లెనిస్ కాదనొచ్చు. చూడలేదంటే ఎవరూ నిరూపించలేరు, బ్రెంటన్ లాగే బతికెయ్యొచ్చు. ఆమె మైకు తీసుకుంది.

"మారిస్, నేను గ్లెనిస్‌ని. ఇవాళ నేను కూడా ఆగలేదు. దుమ్ము చూశాను. జానిస్ ఉందని తెలుసు. తెలిసే పోయాను."

ఈసారి విన్నామని కూడా ఎవరూ అనలేదు.

జానిస్ కుర్చీ మడిచి, కప్పు నీళ్లతో కడిగి, జాగ్రత్తగా పొయ్యి పక్కన పెట్టి, భర్త కారెక్కింది. అప్పటిదాకా లేని బాధ గ్లెనిస్‌కి అప్పుడు తగిలింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. మళ్లీ అదే మలుపు, అదే అద్దం ఎదురైతే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు, కానీ చేసిందానికి తలవంచాలని మాత్రం లేదు.

సాయంత్రం విడిదిలో నెగడు వేశారు. ఎవరూ కథలు చెప్పలేదు. మారిస్ వచ్చి, లయల్ విషయం ముందే అడగాల్సిందన్నాడు, పళ్లెంలో మాంసం పెట్టిచ్చాడు. ఆ తర్వాత, రేపటి వరసలో ఆమెని తన వెనకే, రెండో బండిగా ఉండమన్నాడు. ఎవరి ముందు అన్నది మాత్రం చెప్పలేదు. రెండో బండికి కూడా వెనక ఒక బండి ఉంటుందని ఆ ఇద్దరికీ తెలుసు. ఆమెని నమ్మి ఆ మూడో బండి తోలడానికి ఎవరు ఒప్పుకుంటారో మారిస్ చెప్పలేదు, ఆమె అడగలేదు.

తెల్లవారుతుండగా లేచి గుడారం మడిచింది. మంచుకి కాన్వాసు తడిసి బరువెక్కింది. కొక్కెం తగిలించి, గొలుసులు వేసి, రెండోసారి చూసుకుంది. మారిస్ అప్పుడే లేచి నిప్పు రాజేస్తున్నాడు, చెయ్యి సగం ఎత్తాడు. బ్రెంటన్ గుడారం జిప్పు లోపలి నుంచి కాస్త కదిలింది, ఆగిపోయింది. గ్లెనిస్ ఎవరి దగ్గరికీ పోలేదు. మెల్లగా పొలం గేటు దాకా తోలింది. దిగి, గేటు తీసి, బండి దాటించి, మళ్లీ దిగి గేటు మూసింది. గొలుసు గట్టిగా లాగి తగిలించి, బండెక్కి దక్షిణం వైపు, ఇంటికి వెళ్లిపోయింది.